కారణం రాయవలసిన గడి

"లే. ముందు ఆ కుర్చీలోంచి లే."

భర్త ఆ మాట అన్నప్పుడు ఆమె ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బీన్స్ ఈనెలు తీస్తోంది. ఆదివారం మధ్యాహ్నం. కొడుకూ కోడలూ ఎదురుగా సోఫాలో కూర్చుని టీ తాగుతున్నారు. జరిగిందల్లా ఒక్క తుమ్ము. అరవై రెండేళ్ళ మనిషి తుమ్మింది. తుమ్ముతో పాటు ఇంకొకటి కూడా జరిగింది. అది తనకొక్కదానికే తెలుసుననుకుంది. కానీ ఆయనవి నలభై ఏళ్ళు బడి మైదానంలో నిలబడి, వరసలో ఎవడు కాలు కదిపాడో వెనకనుంచే పట్టేసిన కళ్ళు. ఉద్యోగం విరమించి ఎనిమిదేళ్ళయినా వీధిలో అందరికీ ఆయన డ్రిల్ మాస్టారే. ఇంట్లో ఆ ఉద్యోగం ఆయన ఒక్కరోజు కూడా విరమించలేదు.

ఆమె పళ్ళెం పక్కన పెట్టి, కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని నిదానంగా లేచింది. కుర్చీలోని దిండు మీద అరచేయంత మచ్చ. ఆయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, తప్పిన కుర్రవాడి పరీక్ష పేపరు తరగతికంతా చూపించినట్టు కొడుకు వైపు తిప్పాడు.

"చూశావా, మీ అమ్మ ఘనకార్యం? కుక్కపిల్లకైతే ముక్కు ఆనించి నేర్పుతారు. రెండు సార్లకి నేర్చుకుంటుంది. నీకెన్నిసార్లు కావాలే?"

అని ఆమె మెడ వెనక పట్టుకుని మొహాన్ని దిండులోకి నొక్కాడు. పైకి లెక్కపెడుతూ నొక్కాడు, ఒకటి, రెండు, మూడు అంటూ. లెక్క లేకుండా ఆయన ఏ పనీ చేయడు. దిండు తడి ముందు వెచ్చగా తగిలింది, తర్వాత చల్లగా. ఊపిరి అందని ఆ కాసేపూ ఆమెకు కొడుకు గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది: "నాన్నా, ఇంక చాలు."

ఇంక చాలు అంటే అంతవరకూ జరిగింది సరిపోయిందని అర్థం. ఆమె ఆ మాటను ఆ తర్వాత చాలా రోజులు అన్ని వైపుల నుంచీ తిప్పి చూసింది. దానికి మరో అర్థం దొరకలేదు.

"ఇంకొక్కసారి," అన్నాడు ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఇంకొక్కసారి పడకమీద తడి కనబడిందా, నీ పక్క బట్టలుతికే గదిలో. నేను మనిషిని, పశువుల కొట్టంలో పడుకోలేను."

బట్టలుతికే గది ఇంటి వెనక భాగంలో ఉంది. మిషను పట్టగా మిగిలిన చోటు ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకోవడానికి సరిపోతుంది. నీళ్ళు పోవడానికి నేల కాలువ వైపు వాలుగా ఉంటుంది. కిటికీ లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలో ఆమె తప్ప మరొకరు రెండు నిమిషాల కన్నా నిలబడలేదు.

చెదిరిపోయిన బీన్స్ ఏరుకుని ఆమె వంటింట్లోకి నడిచింది. మరి వంట కావాలి కదా. మొహం కడుక్కుంటుంటే కోడలు వెనకాలే వచ్చి కుళాయి ఇంకా పెద్దగా తిప్పింది, మాట బయటికి పోకుండా.

"అత్తయ్యా, మా ఆఫీసు పక్క ఆసుపత్రిలో ఒక ఫిజియో అమ్మాయి ఉంది. ఆపరేషన్ అక్కర్లేదు, మందూ అక్కర్లేదు. కొన్ని కండరాలుంటాయట, వాటికి ఎక్సర్‌సైజు నేర్పుతుంది."

"నీకెలా తెలుసు?"

"నేనూ ప్యాడ్ పెట్టుకునే వస్తాను మీ ఇంటికి."

"నీకేమొచ్చిందే? ముప్ఫై నాలుగేళ్ళు లేవు."

"పాప పుట్టినప్పట్నుంచీ అంతే. గట్టిగా నవ్వితే చాలు. మీ అబ్బాయికి తెలీదు."

"చెప్పకు," అంది ఆమె వెంటనే. అన్న మరుక్షణం ఆ మాటకు సిగ్గుపడింది. తన తల్లి తనకు నేర్పిన మొదటి పాఠాన్ని తడుముకోకుండా కోడలి చేతిలో పెట్టేసింది.

ఆ పాఠం ప్రకారమే ఆమె ఒళ్ళు నలభై ఏళ్ళుగా నోరు మూసుకుని ఉంది. మూడు కాన్పులు. మూడోదాంట్లో బిడ్డ అడ్డం తిరిగితే ఇనుప పట్టకారుతో లాగారు. చిరిగినచోట కుట్లు వేసిన నర్సు "కోడెలా అరుస్తున్నావేంటి" అని తొడ మీద చరిచింది. తొమ్మిదో రోజున నీళ్ళ బకెట్లు ఎత్తింది. ఆ బిడ్డ బతకలేదు. బకెట్లు మాత్రం ఆగలేదు. ఆ తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడి పనిచేసింది. చొక్కా చేతికొస్తే కుట్టు తప్పిన చోటు మీదికి ఆమె వేలు దానంతటదే పోయేది, అందుకే అక్కడ ఆమెకు 'భూతద్దం' అని పేరు. ఆ హాల్లో నలభై మంది ఆడవాళ్ళకి బాత్రూమ్ టోకెన్ ఒక్కటే. ఇత్తడి బిళ్ళ, మేకుకి వేలాడుతూ ఉండేది. అది మేకు మీద ఉంటేనే వెళ్ళాలి. నాలుగు నిమిషాలు దాటితే సూపర్‌వైజర్ తలుపు కొట్టేవాడు. "ఏంటమ్మా, లోపల కాపురం పెట్టారా?" నలభై మందీ నవ్వేవారు, తలుపు లోపలున్న మనిషి కూడా నవ్వేది. ఉదయం నుంచి నీళ్ళు తాగకుండా ఉండడం అందరూ అక్కడే నేర్చుకున్నారు. ఇన్ని చేసిన ఒళ్ళు ఇప్పుడు ఒక్క తుమ్ముకి ఓడిపోతే, దాన్ని చేతకానితనమని ఇల్లంతా ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఫిజియో అమ్మాయి గదిలో రంగురంగుల రబ్బరు బంతులు, గోడకు నిలువుటద్దం, ఒక మంచం ఉన్నాయి. అమ్మాయికి పాతికేళ్ళు దాటి ఉంటాయి. చేతికి తొడుగు వేసుకుని, ముందుగా చెప్పి, అనుమతి అడిగి పరీక్షించింది. తన ఒంటి మీద చెయ్యి వేసేముందు ఒక మనిషి అనుమతి అడగడం ఆమెకు అదే మొదలు.

"మూత్రం మధ్యలో ఆపుతున్నట్టు, గాలి కూడా పోకుండా ఆపుతున్నట్టు బిగించండమ్మా. బిగించి లోపలికి, పైకి లాగండి. పొట్ట బిగించొద్దు. తొడలు బిగించొద్దు. పిరుదులు బిగించొద్దు. ఊపిరి ఆపొద్దు."

"ఇన్ని వద్దంటే ఇంక బిగించడానికి మిగిలిందేమిటమ్మా?"

"మిగిలిందే మనకు కావలసింది," అని ఆ అమ్మాయి నవ్వింది. "ఉంది. నా వేలికి తెలుస్తోంది. ఐదుకి ఒక మార్కు వేస్తాను. చచ్చిపోలేదు, నిద్రపోతోందంతే."

చేయవలసింది చెప్పింది. ఐదు క్షణాలు పట్టుకోవాలి, ఐదు క్షణాలు పూర్తిగా వదలాలి. వదలడం కూడా ఎక్సర్‌సైజే. పూటకు పది, రోజుకు మూడు పూటలు. తర్వాత గబగబా పట్టి వదిలేవి మరో పది. బలం వచ్చాక ఐదు క్షణాలను పదికి పెంచాలి. మూత్రానికి కూర్చున్నప్పుడు మాత్రం చేయకూడదు. దగ్గేముందు, తుమ్మేముందు, బరువెత్తేముందు ఒక్కసారి బిగించి ఆపైన పని చేయాలి. నీళ్ళు తగ్గించకూడదు; చిక్కబడ్డ మూత్రం మూత్రాశయాన్ని మరింత రేపుతుంది. మూడు నెలలు. నెలకే ఫలితం లేదని మానేస్తే ఏమీ చేయనట్టే.

చివర ఒక కాగితం ఇచ్చింది. మూడు రోజుల పట్టిక: రోజు, సమయం, ఎంత కారింది, కారణం.

కారణం అనే గడి చూసి ఆమె వేళ్ళు చురుకెక్కాయి. ఫ్యాక్టరీలో లోపాల పట్టికలో కూడా చివరి గడి అదే. సూది మొండిదా, దారం పుచ్చిందా, కుట్టిన చెయ్యి అలసిందా, ఏదో ఒకటి రాసి తీరాలి. 'తెలియదు' అని రాసిన చెకర్‌ని ఆ టేబుల్ దగ్గర నిలబడనిచ్చేవారు కాదు. ఇంకెవరైనా అయితే ఆ గడిలో దగ్గు, తుమ్ము అని రాసి, మిగతావాటికి అడ్డగీత గీసేవారు. ఆమెకు అడ్డగీత గీయడం రాదు.

మూడు రోజుల తర్వాత ఆ కాగితం చదువుతూ ఫిజియో అమ్మాయి లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చింది. ఇరవై మూడు వరసలు. వాటిలో పద్నాలుగు దగ్గులు, తుమ్ములు, బకెట్లు, మెట్లు. మిగతా తొమ్మిది అదే గుండ్రటి దస్తూరీలో, అదే కొలతతో రాసి ఉన్నాయి. 'ఆయన బూట్ల చప్పుడు.' 'ఆయన కేక.' 'ఆయన చెయ్యెత్తారు, కొట్టలేదు.' 'కొట్టారు.' 'కొట్టారు.'

"ఇది ఎప్పట్నుంచమ్మా?"

"ఏది? కారడమా, కొట్టడమా?"

"రెండూ."

"కారడం ఆరేళ్ళు. రెండోది నలభై ఒకటి."

ఫిజియో అమ్మాయి ఫోను అడిగి తీసుకుని అందులో దెబ్బలు తినే ఆడవాళ్ళ కోసం ఉన్న హెల్ప్‌లైన్ నంబరు ఎక్కించింది. ఎవరైనా చూసినా అనుమానం రాకుండా 'దర్జీ' అని పేరు పెట్టింది. "ఏ గంటకి చేసినా మనిషిని పంపుతారు," అంది.

"ముందు నీ ఎక్సర్‌సైజు పూర్తి కానీ," అంది ఆమె. "ఒకేసారి రెండు లోపాలు దిద్దబోతే ఏది దిద్దుకుందో తెలియదు."

మూడో వారంలో డ్రిల్ మాస్టారుకి సంగతి తెలిసింది. కోడలి దగ్గర విన్న కొడుకే నోరు జారాడు.

"నలభై ఏళ్ళు దేశానికి ఎక్సర్‌సైజు నేర్పినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, ఎవత్తో నిన్నటి పిల్ల దగ్గరికి పోయావా? నా పరువేం కావాలే? పడుకో కింద."

హాల్లో బండల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఆమె పాదాల మీద తన మోకాళ్ళు పెట్టి నొక్కి, మెడలో విజిల్ వేసుకున్నాడు. విజిల్ ఊదినప్పుడల్లా ఆమె లేచి కూర్చోవాలి. ఆయనకు తెలిసిన కండరాలన్నీ అద్దంలో కనిపించేవే. పొట్ట గట్టిపడితే అన్నీ గట్టిపడతాయని ఆయన సిద్ధాంతం. లేచిన ప్రతిసారీ పొట్ట కిందికి తోసింది, తోసిన ప్రతిసారీ కారింది. ఐదో విజిల్‌కి బండ తడిసింది. తొమ్మిదో విజిల్‌కి ఆయన మోకాలికి తగిలింది. ఆయన ఒక్క ఉదుటున లేచి, తడిసిన ఆ మోకాలితోనే ఆమె పక్కటెముకల్లో పొడిచాడు.

"అయితే ఆ పిల్ల చెప్పిందే చెయ్యి. నా కళ్ళముందు చెయ్యి. లే, నిలబడు."

ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఊఁ. మొదలుపెట్టు."

"చేస్తున్నానండి."

"ఏం చేస్తున్నావు? ఏదీ కదలట్లేదు!"

"కదలదండి."

చెంప పగిలింది. "అబద్ధమాడితే తెలీదనుకుంటున్నావా? ఇప్పుడు చేస్తున్నావా?"

"ఇప్పుడు వదిలానండి. ఐదు క్షణాలు వదలాలి."

ఆయన విజిల్ ఊదాడు. చుట్టూ తిరిగి చూశాడు. కాళ్ళు చూశాడు, భుజాలు చూశాడు, మెడ మీద నరం చూశాడు. మళ్ళీ కొట్టాడు, ఈసారి చెవి మీద. ఆయన కొట్టే లోపల ఆమె నిజంగానే పట్టుకుంది, నిజంగానే వదిలింది. చెవిలో హోరు మధ్య ఆమెకు ఒక సంగతి అర్థమైంది: ఇన్నేళ్ళలో ఈ ఒంట్లో ఆయన కంటికి అందనిది, ఆయన విజిల్‌కి లొంగనిది ఒకటి ఉంది. అది ఉందని తెలిసిన ఆనందం ఎంత క్రూరంగా ఉందంటే ఆమె పళ్ళు బిగించి దాన్ని దాచుకోవలసి వచ్చింది.

అప్పటి నుంచి ఆమె అన్నిచోట్లా చేసింది. కూర కలుపుతూ, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, ఆయన ఆమె పుట్టింటి వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు ఏకరువు పెడుతుంటే తలూపుతూ చేసింది. ఏడో వారానికి పట్టు పది క్షణాలకు చేరింది. పట్టుకున్న పది క్షణాల్లోనూ ఒక్కోసారి మనసు ఇష్టం వచ్చినట్టు పోయేది. దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఇంకా ఆమె కుట్టుపెట్టెలో ఉంది. నిద్రలో ఆయన తల కుడివైపు వాలుతుంది. దవడ కింద, చెవి తమ్మెకు రెండు వేళ్ళ దిగువన, నరం కొట్టుకుంటూ కనబడుతుంది. రెండు పోట్లు చాలు. ఆ ఆలోచనకు ఆమె భయపడలేదు. టేబుల్ మీదికి వచ్చిన చొక్కాని చూసినట్టే చూసి, అందులో లోపమెక్కడుందో వెతికింది. దొరికింది: ఆ తర్వాత పరుపు ఉతకవలసింది, నేల కడగవలసింది మళ్ళీ తానే. వద్దనుకుని పక్కన పడేసింది.

పడక ఎనిమిదో వారం నుంచి ఒక్కరోజూ తడవలేదు. ఆయన రోజూ తెల్లవారగానే దుప్పటి ఎత్తి, చేత్తో తడిమి చూసేవాడు. పొడిగా తగిలినప్పుడల్లా ఆయన మొహం దేన్నో పోగొట్టుకున్నట్టు అయ్యేది.

పన్నెండో వారం చివర ఫిజియో అమ్మాయి మళ్ళీ పరీక్షించింది. నిలబెట్టి గట్టిగా మూడుసార్లు దగ్గమంది. చుక్క లేదు. "ఐదుకి నాలుగమ్మా! మిగిలిన ఆ ఒక్కటీ ముప్ఫై ఏళ్ళ పిల్లలకు కూడా వేయను," అంది. కానీ కొత్త పట్టిక చేతిలోకి తీసుకున్నాక నవ్వు ఆగిపోయింది. మూడు రోజులకు నాలుగే వరసలు. దగ్గు లేదు, తుమ్ము లేదు, బకెట్ లేదు. నాలుగు గడుల్లోనూ కారణం ఒక్కటే.

"నా దగ్గర నేర్పడానికి ఇంకేం లేదమ్మా," అంది ఆ అమ్మాయి. "మీ కండరం చేయగలిగినదంతా చేసింది. భయపడ్డ ఒళ్ళు వదిలేస్తుంది. అది దాని తప్పు కాదు."

ఆమె పట్టిక మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

ఇంటికి చేరేసరికి నాలుగయింది. కాళ్ళు అలవాటుగా పడకగదిలోకి నడవబోయి గుమ్మంలోనే ఆగాయి. మంచం మీద ఆమె వైపు పరుపు లేదు. బట్టలుతికే గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మిషను పక్కన, తడి నేల మీద ఆమె పరుపు చుట్టి పడేసి ఉంది, పైన దిండు. ఆయన మిషనుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"తడవలేదు కదండీ," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఐదు వారాలైంది. పొద్దున మీరే తడిమి చూశారు."

"తడవకపోతే? ఎన్నాళ్ళు చూడాలి, వెధవ కాపలా? నిన్ను చూస్తేనే నాకు కంపరంగా ఉంది. వాడితో కూడా మాట్లాడాను. అమ్మకి అక్కడే సుఖంగా ఉంటుందన్నాడు." అంటూ ఆమె సంచి లాక్కుని, ఆసుపత్రి కాగితాల కోసం బోర్లించాడు. మడత విప్పి, బడిలో తాఖీదు చదివినట్టు పైకి చదివాడు. "మంగళవారం, ఉదయం ఏడూ ఇరవై, కొంచెం. కారణం, ఆయన బూట్ల చప్పుడు. బుధవారం..." అక్కడ ఆగి, మిగతాది కళ్ళతో చదువుకున్నాడు. "నా బూట్లు నీకు రోగం తెప్పించాయా? ఊరూవాడా తిరిగి నా మీద చాడీలు రాస్తున్నావా?"

"రోగం తగ్గిందండి," అంది ఆమె. "మిగిలింది మీరు."

కాగితం నాలుగు ముక్కలైంది. మొదటి దెబ్బ చెవి మీద పడింది, రెండోది నోటి మీద. జుట్టు పట్టుకుని తల మిషను అంచుకేసి కొట్టాడు. ఒకటి, రెండు అని లెక్క పైకే వినిపించింది. రేకు మోగింది, కనుబొమ్మ చీలింది. కాళ్ళ వెంబడి వెచ్చగా కారింది, కారనిచ్చింది. ఆపడానికి ప్రయత్నించలేదు. పన్నెండు వారాలు తాను పెంచిన బలాన్ని ఈ మనిషి ముందు పొడిగా కనబడటం కోసం ఖర్చు చేయదలుచుకోలేదు. మూడు అనేలోపల మోచేతిని వెనక్కి, ఆయన మెత్తటి పొట్టలోకి, ఒంట్లో ఉన్న బరువంతా పెట్టి పొడిచింది. నలభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. ఆయన 'హుఁ' అని గాలి వదిలి గోడకి ఒరిగాడు. దెబ్బ కన్నా ఆశ్చర్యమే ఆయన్ని ఎక్కువసేపు అక్కడ నిలబెట్టింది. ఆ కాసేపు చాలింది. ఆమె పడకగదిలోకి పోయి గడియ పెట్టి, నడుముకి దోపుకున్న ఫోను తీసి 'దర్జీ' నొక్కి, ఇంటి నంబరు, వీధి, గుర్తులు తడబడకుండా రెండుసార్లు చెప్పింది.

తలుపు ఇరవై నిమిషాలు మోగింది. తర్వాత మోగడం ఆగి, ముందువైపు వేరే గొంతులు వినిపించాయి.

ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు, ఒకామె, ఒకతను. మగ కానిస్టేబుల్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. "భార్యాభర్తలన్నాక సవాలక్ష ఉంటాయి సార్, మతిస్థిమితం లేదు దానికి, కూర్చున్నచోటే పోసుకుంటుంది, చూడండి కావాలంటే," అని ఆయన హుందాగా వివరిస్తున్నాడు. ఆడ కానిస్టేబుల్ ఆమె కనుబొమ్మ మీద గుడ్డ అదిమి, కిందికి చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మా, బట్టలు తడిశాయి. మార్చుకుని రండి, ఆగుతాను."

"వద్దు," అంది ఆమె. "ఇది కూడా రాసుకోండి. సమయం నాలుగూ ఇరవై. కారణం అక్కడ కుర్చీలో కూర్చుంది."

కానిస్టేబుల్ రాసుకుంది. అడగవలసినవన్నీ అడిగింది, బట్టలుతికే గదిలోకి పోయి పరుపు చూసింది, మిషను అంచున రక్తం చూసింది, కాగితం ముక్కలు నాలుగూ ఏరి కవర్లో వేసుకుంది. తిరిగి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఈ ఇంట్లో ఇంక ఇద్దరూ ఉండకూడదమ్మా. మీకు కూతురో, అక్కచెల్లెళ్ళో ఎవరైనా ఉన్నారా? లేకపోతే మేమే ఒక చోటు చూపిస్తాం. కావలసిన బట్టలు సర్దుకోండి."

దయగా అన్న మాటే. ఆమె పడకగది గుమ్మంలో నిలబడి మంచం వైపు చూసింది, బీరువా వైపు చూసింది, బీరువాలో ఎడమవైపు మూడు అరల్లో తాను ఇస్త్రీ చేసి, రంగుల వారీగా మడిచి పెట్టిన చొక్కాల దొంతరల వైపు చూసింది.

"సర్దుకోవలసింది నేను కాదమ్మా," అంది. "కానీ ఆయన బట్టలు ఎక్కడుంటాయో ఆయనకు తెలియదు. రండి, చూపిస్తాను."